బొమ్మ ఆగితే తల ఎత్తాలి: ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని మండల, పట్టణ, జిల్లా ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘాల పెద్దలకు, స్టూడియో యజమానులకు,

పెళ్ళిళ్ళ సీజన్ మొదలైందంటే నా రిపేరు బల్ల మీదికి డ్రోన్లు వస్తాయి. తెచ్చినవాళ్ళు చెప్పేది దాదాపు ఒకటే: "ఫోన్‌లో లైవ్ ఆగి ఆగి వస్తోందన్నా, డ్రోన్ ఏదో తేడా చేసింది, చూడు." విప్పి చూస్తే చాలావాటిలో ఏ తేడా ఉండదు. తేడా ఫోన్‌లో ఉంటుంది, లేదంటే రిమోట్‌కూ ఫోన్‌కూ మధ్య ఉన్న జానెడు కేబుల్‌లో ఉంటుంది, అదీ కాకపోతే ఎగరేసిన ఫంక్షన్ హాల్లో ఉంటుంది. వాళ్ళేమో డ్రోన్ నా దగ్గర వదిలిపెట్టి, మరునాటి ముహూర్తానికి ఇంకోటి అద్దెకు తెచ్చి, అదే ఫోన్, అదే కేబుల్ పెట్టి ఎగరేస్తారు. అదీ ఆగి ఆగే వస్తుంది.

ఈ ఉత్తరం డ్రోన్ ఎగరేసే కుర్రాళ్ళకు రాయకుండా మీకు ఎందుకు రాస్తున్నానో ముందే చెప్తాను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములకు మించని నానో డ్రోన్ ఎగరేయడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అంతకు మించి 2 కిలోల వరకు బరువుండే మైక్రో డ్రోన్‌ను డబ్బు తీసుకుని చేసే పనికి వాడితే మాత్రం సర్టిఫికెట్ కావాలి. పెళ్ళిళ్ళలో 249 గ్రాముల డ్రోన్లే ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం. పెద్ద డ్రోన్ పట్టినవాడు శిక్షణ కేంద్రం గడప తొక్కి వస్తాడు. చిన్న డ్రోన్ పట్టిన కుర్రాడు నిన్నటిదాకా లైట్లు మోసినవాడు, ఇవాళ అన్న చేతిలోంచి రిమోట్ అందుకున్నాడు. వాడికి చెప్పే బడి ఏదీ లేదు. ఉంటే గింటే మీ సంఘమే. అందుకే మీకు.

"కార్డులో వీడియో బాగానే పడుతోంది కదా, ఫోన్‌లో కాస్త ఆగితే ఏమవుతుంది?" అని చాలామంది యజమానులు అడుగుతారు. ఆ మాటలో సగం నిజం. డ్రోన్ ఒకేసారి రెండు వీడియోలు తయారు చేస్తుంది. ఒకటి తనలో ఉన్న ఎస్‌డీ కార్డులోకి పూర్తి నాణ్యతతో వెళ్తుంది. రెండోది చిన్నదిగా కుదించి రేడియో ద్వారా కిందికి పంపుతుంది. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా కనిపించిన షాట్ కార్డులో నున్నగా ఉండటం మామూలే. అలాగే కార్డు స్పీడు చాలక రికార్డింగ్ ఆగిపోతే ఫోన్‌లో లైవ్ మాత్రం చక్కగా వస్తూ ఉండొచ్చు. ఆల్బమ్‌కు, ఎడిటింగ్‌కు ఫోన్‌లో బొమ్మతో పనిలేదన్నంతవరకు మీరన్నది ఒప్పుకుంటాను.

కానీ ఆ బొమ్మను చూస్తూ ఒకడు యంత్రాన్ని నడుపుతున్నాడు. మంచి డ్రోన్‌లోనైనా కెమెరా చూసింది ఫోన్ మీదికి రావడానికి సెకనులో పదోవంతో, రెండు పదోవంతులో పడుతుంది. దాన్ని చెయ్యి అలవాటు చేసుకుంటుంది. బొమ్మ రెండు సెకన్లు ఆగిపోయిందనుకోండి. చిన్న డ్రోన్లు మామూలు మోడ్‌లోనే సెకనుకు 10 మీటర్లు పోతాయి. అంటే కుర్రాడు చూస్తున్న చోటికి 20 మీటర్లు అవతల ఉంది డ్రోన్. మన ఫంక్షన్ హాల్ ఆవరణల్లో 20 మీటర్లలో ఏమేముంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు: కొబ్బరిచెట్టు, సీరియల్ లైట్ల తీగ, ట్రాన్స్‌ఫార్మర్, బరాత్ ముందు ఎగిరే పిల్లలు. తిరిగే రెక్క పిల్లల కంటి దగ్గరికి వస్తే దాని బరువు 249 గ్రాములేనా అని ఎవరూ అడగరు. కాబట్టి ఆగి ఆగి వచ్చే లైవ్‌ను నేను నాణ్యత ఫిర్యాదుగా చూడను. ఎగరేసేవాడికి కళ్ళు కనిపించడం లేదన్న హెచ్చరికగా చూస్తాను. మీరూ అలాగే చూడాలని కోరుతున్నాను.

ఎక్కడ తెగుతోందో పట్టుకోవాలంటే బొమ్మ వచ్చే దారి తెలియాలి. కెమెరా పట్టిన బొమ్మను డ్రోన్‌లోని చిప్ కుదిస్తుంది. సెకనుకు 30 బొమ్మలు వస్తాయనుకుంటే, ముప్పై పూర్తి బొమ్మలనూ పంపదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మధ్యలో ఏమి మారిందో ఆ మార్పులు మాత్రమే పంపుతుంది. అవి రేడియో మీద రిమోట్‌కు, రిమోట్ నుంచి కేబుల్ మీద ఫోన్‌కు చేరతాయి. ఫోన్ వాటిని విప్పి బొమ్మగా మార్చి తెర మీద పెడుతుంది. రిమోట్ లేని టెల్లో లాంటి చిన్న డ్రోన్లలోనైతే రేడియో నుంచి తిన్నగా ఫోన్ వైఫైకే వస్తుంది. ఈ దారిలో మధ్యలో ఒక ముక్క గాలిలో పోతే తర్వాతి పూర్తి బొమ్మ వచ్చేదాకా తెర మీద చదరాలు, ఆకుపచ్చ మరకలు, చిరిగినట్టు గీతలు కనిపిస్తాయి. అందుకే చదరాలు కనిపిస్తే రేడియోను అనుమానించాలి. బొమ్మ శుభ్రంగానే ఉంది కానీ వెనకబడి వెనకబడి వస్తోంది, ఫోన్ వీపు కాలుతోంది అంటే ఫోన్‌ను అనుమానించాలి. బొమ్మ మొత్తానికే మాయమై, యాప్ డ్రోన్ కనెక్ట్ కాలేదని చూపించి, రిమోట్ కాస్త కదిపితే మళ్ళీ వచ్చిందంటే కేబుల్‌నో ఫోన్ పోర్టునో చూడాలి. డ్రోన్ ఒక పక్కకు వెళ్ళినప్పుడే ఆగుతూ, ఇవతలికి రాగానే బాగుపడుతుంటే యాంటెన్నానో, నిలబడ్డ చోటో కారణం. రికార్డు బటన్ నొక్కిన క్షణం నుంచే తడబడుతుంటే, యాప్‌లో రికార్డయ్యేదాన్ని ఫోన్‌లోనూ దాచుకునే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో చూడాలి. ఫోన్ ఒక పక్క విప్పుతూ, ఇంకో పక్క రాసుకుంటూ రెండు పనుల మధ్య నలిగిపోతుంది.

దీన్ని తేల్చే పరీక్ష సులువు. చుట్టూ ఇళ్ళు లేని ఖాళీ మైదానానికి వెళ్ళి, డ్రోన్‌ను పది అడుగుల దూరంలో తల ఎత్తున నిలబెట్టండి. అంత దగ్గర, అంత ఖాళీలో కూడా బొమ్మ తడబడితే గాలి తప్పు కాదు, ఫోన్‌దో కేబుల్‌దో యాప్‌దో. అక్కడ నున్నగా వచ్చి హాల్లో తడబడితే చోటు తప్పు. మైదానంలోనే తడబడితే ముందు ఫోన్ మార్చి చూడండి, తర్వాత కేబుల్ మార్చి చూడండి. ఒకసారి ఒక్కటే మార్చాలి. ఫోన్, కేబుల్, ఛానెల్ మూడూ ఒకేసారి మార్చి బాగుపడిందని సంతోషిస్తే, ఏది పాడైందో తెలియకుండానే అది మళ్ళీ సంచిలోకి వెళ్ళిపోతుంది.

ఇక ఫోన్ సంగతి. చాలా స్టూడియోల్లో డ్రోన్‌కు వేలకు వేలు పెడతారు, ఫోన్ మాత్రం కుర్రాడి సొంతది. దాని మెమొరీ అంతా రీల్స్, పాత పెళ్ళిళ్ళ క్లిప్పులు. దాన్నే మధ్యాహ్నం ఎండలో, తెర వెలుగు పూర్తిగా పెంచి, వెనక మందపాటి కవర్‌తో రిమోట్‌లో బిగిస్తారు. రిమోట్ దాన్ని ఛార్జ్ కూడా చేస్తూ ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండ ఎలా ఉంటుందో ఊహించండి. ఫోన్ ఒక వేడి దాటగానే తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మొదటి అయిదు నిమిషాలు బాగా వచ్చి తర్వాత జిడ్డుగా మారే లైవ్‌కు అసలు కారణం ఇదే. కవర్ తీయాలి. నీడలో నిలబడాలి, లేదా గొడుగు పట్టుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి. రిమోట్ నుంచి ఫోన్ ఛార్జ్ కాకుండా ఆపే వీలుంటే ఆపాలి. వెనక నడిచే యాప్‌లు, స్క్రీన్ రికార్డర్, బ్యాటరీ సేవర్ ఆపేయాలి. వేడెక్కిందని తడిగుడ్డ చుట్టొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. లోపల చెమ్మ చేరితే ఫోనే పోతుంది.

ఫోన్ కాల్ వచ్చినా బొమ్మ ఆగుతుంది. కేబుల్‌తో కలిసే డ్రోన్ అయితే ఎగరేసేముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయొచ్చు. మ్యాప్ కావాలంటే ఇంటి దగ్గరే తెరిచి లోడ్ చేసుకోవాలి. ఫోన్ వైఫైతో కలిసే డ్రోన్ అయితే ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటి మళ్ళీ ఆన్ చేసుకోవాలి. ఇక్కడ ఒక చిక్కు చాలామందికి తెలియదు. డ్రోన్ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు. ఇంటర్నెట్ లేని వైఫైని వదిలేసి తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోయే సెట్టింగ్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది. ఫోన్ తన తెలివితేటలతో డ్రోన్‌ను వదిలేస్తుంది, కుర్రాడు డ్రోన్ రేంజ్ తక్కువని తిట్టుకుంటాడు. ఆ సెట్టింగ్ వెతికి ఆపేయించండి.

కేబుల్ గురించి ఒక్క మాట. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్, డేటా కూడా తీసుకెళ్ళే కేబుల్ బయటికి ఒకేలా ఉంటాయి. డబ్బాలో వచ్చిన పొట్టి కేబుల్ పోయాక దొరికినదేదో తగిలిస్తారు. మొన మెలిపడి టేపు చుట్టిన కేబుల్‌తో మనుషుల మీద డ్రోన్ ఎగరేయడం నేను ఒప్పుకోను. పక్కనే ఇంకో మంచి కేబుల్ ఉండాలి. ఫోన్ పోర్టులో జేబు పీచు పేరుకుంటుంది, దాన్ని పుల్లతో మెల్లగా తీయించండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వస్తాను. నా అనుభవంలో పెళ్ళిళ్ళలో లైవ్‌ను ఎక్కువగా చెడగొట్టేది మన టీమే. కొంచెం ఓపికగా వినండి. పెళ్ళి డ్రోన్లు మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ పట్టీల్లో. మన దేశంలో 2.4 పట్టీకి లైసెన్స్ అక్కర్లేదని 2005లోనే ప్రభుత్వం ప్రకటించింది. 5 గిగాహెర్ట్జ్‌లో మరింత విశాలంగా 2018లో ఆ సౌకర్యం ఇచ్చింది. లైసెన్స్ లేనిచోట ఎవరికీ హక్కు లేదు, అందరూ సర్దుకోవాల్సిందే. ఆ సర్దుబాటు ముహూర్తం వేళ ఎలా ఉంటుందో చూడండి. హాలు వాళ్ళ వైఫై రూటర్లు, పెళ్ళికొచ్చిన వాళ్ళ ఫోన్ హాట్‌స్పాట్లు, బ్లూటూత్‌లు, వంటశాలలో మైక్రోవేవ్ ఓవెన్ ఉంటే అదీ, అన్నీ 2.4లో. దీనికి తోడు మనం తెచ్చేవి. గింబల్ కెమెరా నుంచి మిక్సింగ్ టేబుల్‌కు, అక్కడి నుంచి ఎల్‌ఈడీ వాల్‌కు బొమ్మ పంపడానికి పెట్టుకునే వైర్‌లెస్ వీడియో ట్రాన్స్‌మిటర్లు చాలావరకు 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. పంతులుగారి కాలరుకు, పెళ్ళికొడుకు షేర్వాణీకి పెట్టే చిన్న వైర్‌లెస్ మైకుల్లో చాలావి 2.4లో నడుస్తాయి. యూట్యూబ్ లైవ్ ఇచ్చేవాళ్ళు తెచ్చుకున్న రూటర్ రెండింట్లోనూ కూస్తూ ఉంటుంది. వీటి మధ్య 30 మీటర్ల పైనుంచి వచ్చే డ్రోన్ గొంతు రిమోట్‌కు వినబడాలి.

నేను చూసిన టీముల్లో ఈ పరికరాలన్నీ ఎవరివి వాళ్ళు ఆన్ చేస్తారు. ఎవరు ఏ పట్టీలో ఉన్నారో ఇంకొకరికి తెలియదు. మిక్సింగ్ అతనికి బొమ్మ తెగితే డ్రోన్‌ను అంటాడు, డ్రోన్ అతనికి తెగితే తన డ్రోన్‌నే అనుమానించుకుంటాడు. పరిష్కారం పెళ్ళికి ముందు పది నిమిషాల మాట. ఒక కాగితం మీద ఏ పరికరం ఏ పట్టీలో, ఏ ఛానెల్‌లో ఉందో రాయండి. వీడియో ట్రాన్స్‌మిటర్లు 5లో ఉంటే డ్రోన్‌ను 2.4లో పెట్టి చూడండి. మైకులు, రూటర్లు అక్కడ కిక్కిరిసి ఉంటే యూట్యూబ్ రూటర్‌ను 5లో ఒక మూలకు తోసి, ట్రాన్స్‌మిటర్‌ను ఇంకో మూలకు జరపండి. 2.4లో రూటర్లు ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండాలంటే 1, 6, 11 ఛానెళ్ళే వాడాలి. డ్రోన్ యాప్‌లో ట్రాన్స్‌మిషన్ పేజీ తెరిస్తే కొన్ని మోడళ్ళలో ఏ ఛానెల్‌లో ఎంత గోల ఉందో గ్రాఫ్ చూపిస్తుంది. మామూలుగా ఆటోలో వదిలేయడమే మంచిది, తనే మంచి ఛానెల్ వెతుక్కుంటుంది. ఆటోలో పదేపదే తెగుతుంటేనే చేత్తో పెట్టాలి.

5.8లో గోల తక్కువ కావచ్చు, కానీ అది దూరం తక్కువ పోతుంది, చెట్లు అడ్డొస్తే ఇంకా తక్కువ. ఒకే రకం యాంటెన్నాలతో అంతే దూరం నుంచి 2.4లో అందే శక్తిలో దాదాపు ఆరో వంతే 5.8లో అందుతుంది. హాలు ఆవరణలో దగ్గరి షాట్లకు 5.8, ఊరి బయట పొలాల మీద ప్రీ వెడ్డింగ్ షూట్‌కు 2.4 అన్నది నేను చెప్పే మొదటి లెక్క. అక్కడి నుంచి చోటును బట్టి మార్చుకోవాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. పొద్దున్నే ఖాళీ హాల్లో ఎగరేసి "సూపర్‌గా వస్తోంది" అనుకుంటే లాభం లేదు. ఎల్‌ఈడీ వాల్ వెలిగి, మిక్సింగ్ ఆన్ అయి, జనం నిండాక మళ్ళీ చూడాలి. ఎల్‌ఈడీ వాల్ పవర్ సప్లైలు కూడా కొంత రేడియో గోల చేస్తాయి. రిమోట్ పట్టుకుని దాని పక్కనే నిలబడితే ఆ గోలంతా మన చెవిలోనే.

నిలబడే చోటు గురించి, యాంటెన్నా గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. యాంటెన్నా మొనను తుపాకీ గురిపెట్టినట్టు డ్రోన్ వైపు పెడతారు. సన్నటి కడ్డీ యాంటెన్నా సిగ్నల్ దాని చుట్టూ గారె ఆకారంలో పరుచుకుంటుంది. మొన ఉన్న వైపు గారె చిల్లు. మొన డ్రోన్ వైపు పెట్టారంటే చిల్లులోకి చూపించినట్టే. కడ్డీ పక్కభాగం డ్రోన్‌కు ఎదురుగా ఉండాలి. డ్రోన్ సరిగ్గా నెత్తిమీదికి వచ్చినప్పుడు నిటారుగా పెట్టిన యాంటెన్నాల మొనలే దానివైపు ఉంటాయి. అప్పుడు రిమోట్‌ను వాల్చాలి. కొన్ని రిమోట్లలో యాంటెన్నాలు బయటికి కనిపించవు, ఫోన్‌ను పట్టుకునే పై భాగంలోనే ఉంటాయి. దాన్ని పూర్తిగా లాగి తెరవకుండా, చేతులతో మూసేసి ఎగరేస్తుంటారు. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే. 2.4 సిగ్నల్‌ను నీళ్ళు మింగేస్తాయి. డ్రోన్ వీపు వెనకకు వెళ్ళిందంటే మనిషి కూడా తిరగాలి.

షామియానా గుడ్డ పెద్దగా అడ్డం కాదు. దాన్ని మోసే ఇనుప ట్రస్, రేకుల కప్పు, పక్కన పెట్టిన బస్సు అడ్డం. వర్షం వెలిసిన మామిడితోటలో తడి ఆకులు ఎండు ఆకులకంటే ఎక్కువ మింగుతాయి. డ్రోన్ కంటికి కనిపిస్తోంది కాబట్టి అడ్డం లేదనుకోకూడదు. 500 మీటర్ల దూరంలో 2.4 సిగ్నల్‌కు సగం దారిలో చుట్టూ దాదాపు 4 మీటర్ల మేర ఖాళీ కావాలి. కొబ్బరి మట్టల అంచుల మీదుగా చూపు పోతే కన్ను చూస్తుంది, సిగ్నల్ మాత్రం సగం తెగుతుంది. దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. డబ్బా మీద 10 కిలోమీటర్లని రాసి ఉంటే, అది అడ్డంకి గానీ గోల గానీ లేని మైదానంలో కొలిచిన లెక్క. మండువేసవి పెళ్ళి ఊరేగింపు లెక్క కాదు.

మార్కెట్లో బూస్టర్లు అమ్ముతున్నారు. కొనొద్దని మీ సభ్యులకు చెప్పండి. రిమోట్ పంపే శక్తిని మాత్రమే పెంచే బూస్టర్ మన ఆజ్ఞలను గట్టిగా పైకి చేరుస్తుంది. వీడియో వచ్చేది పైనుంచి కిందికి. డ్రోన్‌లో ఉన్న చిన్న ట్రాన్స్‌మిటర్ శక్తి దానివల్ల పెరగదు. పైగా లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది ఒక శక్తి పరిమితి లోపలే. దాన్ని దాటితే పక్కవాడి మైకు, పక్క పెళ్ళి డ్రోన్ దెబ్బతింటాయి.

ఇక బొమ్మ ఆగినప్పుడు ఏం చేయాలో చెప్తాను. ఇది ప్రతి కుర్రాడికీ నోటికి రావాలి. స్టిక్‌ల మీద నుంచి వేళ్ళు తీసేయాలి. జీపీఎస్ ఉన్న డ్రోన్ గాలిలో అక్కడే ఆగి నిలబడుతుంది. తల ఎత్తి డ్రోన్‌ను కళ్ళతో వెతకాలి. ఫోన్ తెరను వేలితో నొక్కుతూ, యాప్ మూసి తెరుస్తూ కూర్చోకూడదు. చాలాసార్లు బొమ్మ పోయినా ఆజ్ఞలు పోతూనే ఉంటాయి, ఎందుకంటే వీడియోకు కావలసినంత డేటాలో ఆజ్ఞలకు కావలసింది చాలా కొద్ది. కంటికి కనిపిస్తుంటే కంటితోనే మెల్లగా ఇవతలికి తెచ్చుకోవచ్చు. కనిపించకపోతే తను తిరిగి, యాంటెన్నా సరిచేసి, చెట్టు పక్క నుంచి బయటికి వచ్చి కొన్ని సెకన్లు ఆగాలి. అప్పటికీ రాకపోతే రిటర్న్ టు హోమ్ నొక్కాలి.

ఆ బటన్ ఒక షరతు మీదే కాపాడుతుంది. చుట్టూ ఉన్న అన్నిటికంటే ఎత్తుగా తిరిగొచ్చే ఎత్తును ఎగరేసేముందే పెట్టి ఉండాలి. ఆలయ గోపురం, సెల్ టవర్, తాటిచెట్టు చూసి పెట్టాలి. గ్రీన్ జోన్‌లో డ్రోన్‌కు పై పరిమితి 120 మీటర్లని గుర్తుంచుకోవాలి. మరో సంగతి. డ్రోన్ మొదట ఎక్కడ లేచిందో అక్కడికే తిరిగి వస్తుంది. షామియానా కింద నుంచి లేపితే షామియానా నెత్తిమీదకే దిగుతుంది. హాల్లోపల ఎగరేస్తుంటే సిగ్నల్ పోయిన డ్రోన్ ముందు పైకి లేవబోవచ్చు, ఫాల్స్ సీలింగ్‌నో షాండ్లియర్‌నో కొట్టొచ్చు. లోపల ఎగరేయడమే మానుకోమంటాను. తప్పనిసరైతే సిగ్నల్ పోతే డ్రోన్ ఏం చేయాలన్న సెట్టింగ్‌ను ముందే మార్చాలి. జీపీఎస్ లేని టెల్లో లాంటి 80 గ్రాముల డ్రోన్లు కింద నేలను కెమెరాతో చూసి నిలబడతాయి. బయట గాలిలో, చీకట్లో వాటికి ఆ ఆసరా ఉండదు. జనం మీద వాటిని ఎగరేయనివ్వకండి.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏటా ఆగస్టు 19న, 1839లో డాగ్యురే ఫొటో పద్ధతి ప్రపంచానికి వెల్లడైన రోజున, మీ సంఘాలు ఊరూరా ఆయన పటానికి పూలదండ వేసి, కేక్ కోసి, సీనియర్లకు శాలువా కప్పుతాయి. ఆ రోజు ఉదయం దండ వేశాక మధ్యాహ్నం హైస్కూల్ గ్రౌండ్‌కు వెళ్ళండి. డ్రోన్ ఉన్న ప్రతి స్టూడియో తన ఫోన్‌తో, తన కేబుల్‌తో రావాలి. పది అడుగుల పరీక్ష అక్కడ చేయించండి. బొమ్మ ఆగినప్పటి కసరత్తును ఒకడి ఫోన్ తెర మీద కాగితం కప్పి చేయించండి. రేడియో తెలిసినవాళ్ళు మీ ఊళ్ళోనే ఉంటారు, పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పే మాస్టారైనా ఉంటారు. పిలిస్తే రాకుండా ఉండరు. నేనున్న జిల్లాలో పిలిస్తే నేనూ వస్తాను.

డ్రోన్‌కు ప్రత్యేకంగా ఒక ఫోన్ కొనమని యజమానులకు చెప్పండి. కొత్తదే కానక్కర్లేదు. సిమ్ లేని, మెమొరీ ఖాళీగా ఉన్న, రీల్స్ లేని ఫోన్ చాలు. అద్దె డ్రోన్‌కు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది పెద్ద మొత్తం కాదు. తలంబ్రాల షాట్ మనుషుల నెత్తిమీద నుంచే తీయాలన్న పట్టుదల వదలమని కూడా చెప్పండి. పక్క నుంచి, కాస్త దూరంగా, కాస్త ఎత్తుగా తీసిన షాట్‌లో మండపం మొత్తం కనిపిస్తుంది, పువ్వులు పడటమూ కనిపిస్తుంది. అదే షాట్ మరింత అందంగా ఉంటుందని నా అభిప్రాయం. ఆ రంగంలో మీరే నాకంటే పెద్దలు.

చివరిగా ఒక్కటి. పెళ్ళివారు, స్టూడియో యజమాని, మిక్సింగ్ అన్న అందరూ "ఎగరేయ్, ఎగరేయ్" అంటున్నప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రాడు "బొమ్మ ఆగుతోంది, ఇప్పుడు ఎగరేయను" అనలేడు. మరుసటి పెళ్ళికి పిలవరన్న భయం వాడిది. మీ సంఘం రేటు కార్డులో, బుకింగ్ కాగితంలో ఒక వాక్యం చేర్చండి: లైవ్ సరిగా రానప్పుడు డ్రోన్ షాట్ తీయాలా వద్దా అన్న నిర్ణయం ఎగరేసేవాడిదే. వద్దన్నందుకు ఆ రోజు కూలిలో కోత పెట్టకూడదని కూడా ఆ కాగితంలోనే రాయండి.

ఇట్లు,
రేడియో, డ్రోన్ పరికరాలు బాగుచేసే ఒక మెకానిక్